మల్లయ్య అడిగిన వాగు

కొండలను వాటి చోట నిలబెట్టినవాడు, మేఘాలకు దారి చెప్పేవాడు, నల్లరేగడి మట్టికి అంత అంటుకునే గుణం ఎందుకు పెట్టాడో తానొక్కడే ఎరిగినవాడు అయిన దేవునికి ముందుగా స్తోత్రం. ఆయన కృపవల్ల వెళ్ళిన ముగ్గురమూ క్షేమంగా తిరిగొచ్చాం. నా బూట్ల గురించి అలా చెప్పలేను. వాటిలో ఒకటి ఇంకా గురజాల అవతల నేలలోనే ఉంది.

మా నరసరావుపేట సంఘం నుంచి ఏటా ఈస్టరుకు ముందొచ్చే శ్రమల దినాల్లో ఒక చిన్న బృందం ఏదైనా దూరపు పల్లెకు వెళ్ళి, వాక్యం చెప్పి, పాటలు పాడి వస్తుంది. ఈ ఏడు మేం వెళ్ళింది గురజాల దాటి, మాచర్ల వైపు కొండల కిందున్న ఒక పల్లెకు. దాన్ని కొండకింద పల్లె అనే రాస్తాను. అసలు పేరు రాయవద్దని అక్కడివాళ్ళు గట్టిగా చెప్పారు. పేరు తెలిస్తే చుట్టుపక్కల మిరప రైతులు వెతుక్కుంటూ వస్తారని వాళ్ళ భయం. ఆ భయంలో న్యాయం ఉందని చదివాక మీరే ఒప్పుకుంటారు.

వెళ్ళినవాళ్ళం మా సంఘ కాపరి అయ్యగారు, మా ఆడపడుచు రాహేలు, నేను. అయ్యగారికి మోకాళ్ళ నొప్పులు. రాహేలుకు మంచి గొంతు, దానికి సరిపడా నోరు. నేను సండేస్కూలు పిల్లలకు పాఠం చెబుతాను. పుట్టింది తెనాలి వైపు కాలవల మధ్య కాబట్టి, బురద గురించి నాకు ఎవరూ చెప్పక్కర్లేదని అనుకునేదాన్ని.

వెళ్ళిన పని మల్లయ్య బాప్తిస్మం. మల్లయ్య వయసంతా నాపరాయి క్వారీలో రాళ్ళు కోసిన మనిషి. ఆయన రాయిని వదిలేశాడు గానీ దుమ్ము ఆయన్ను వదల్లేదు, ఊపిరితిత్తుల్లో ఉండిపోయింది. ఏళ్ళ తరబడి మందిరంలో వెనక చాప మీద కూర్చుని వాక్యం వింటున్నాడు గానీ బాప్తిస్మం మాత్రం తీసుకోలేదు. కారణం నీళ్ళు. క్వారీ గుంటలో ఎండాకాలం కూడా నీళ్ళుంటాయి, అందులో ఇప్పిస్తామని సంఘంవాళ్ళు అన్నారు. "ఆ గుంటలోనే నా ఊపిరి పోగొట్టుకున్నా. మళ్ళా దాంట్లోనే ముంచుతారా?" అన్నాడట. తన చేను పక్కనున్న వాగు పారితే అందులో తీసుకుంటానన్నాడు. ఆ వాగు పారేది వానాకాలంలో కొద్ది రోజులు. పోయిన వానాకాలం ఆయన గుంటూరులో ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. వచ్చే వానాకాలం దాకా ఉంటానని ఆయనకు నమ్మకం లేదు. డాక్టరుకూ లేదు.

అందుకని శ్రమల దినాల మొదట్లో, ఉపవాస ప్రార్థనలో, ఆయన తన ప్రార్థనాంశం చెప్పాడు: వాగు పారాలి. ఆ పల్లె అంశాలను అక్కడి సంఘ పెద్ద యాకోబు ఫోనులో అయ్యగారికి చెబుతాడు. అయ్యగారు వాటిని మా స్త్రీల సమాజంలో చదువుతారు. ఎవరిదో నడుం నొప్పి, ఎవరి అబ్బాయిదో డ్రైవింగ్ లైసెన్సు, మధ్యలో మల్లయ్య వాగు. అన్నిటికీ కలిపి ఆమేన్ అన్నాం. మార్చి నెల అది. పల్నాడులో మార్చి అంటే మిరపకాయలు కోసి కల్లాల్లో ఆరబోసే నెల. ఆ నెలలో వాన కావాలని ఎవరూ అడగరు. ఈ సంగతి అప్పుడు మాలో ఒక్కరికీ తట్టలేదు.

వాన వచ్చింది. పగలూ రాత్రీ కురిసింది. వెలిసిన పొద్దున మల్లయ్య స్వయంగా ఫోన్ చేశాడు.

"అయ్యగారూ, వాగొచ్చింది. ఉండేది కాదు. ఎండ గట్టిగా కొడితే పోద్ది. గబాన రండి."

ఎప్పుడూ ఫోన్ చేసే యాకోబు ఈసారి ఎందుకు చేయలేదని మాకు అనుమానం రాలేదు.

తారు ఆగిపోయిన చోట

ఆటో మమ్మల్ని తారు రోడ్డు ఉన్నంతవరకు తెచ్చి దింపింది. అక్కణ్ణుంచి డొంక, అంటే చేల మధ్య బండ్ల బాట. ఇంకాస్త ముందుకు పోనివ్వమని అయ్యగారు అడిగితే, ఆటో అతను డొంకనూ అయ్యగారినీ మార్చి మార్చి చూశాడు.

"దిగితే మళ్ళా ఉగాదికి గానీ బయటికి రాదండీ," అన్నాడు.

ఉగాది వెళ్ళి అప్పటికి వారమే అయింది.

రోడ్డు చివర రేకుల కింద టీ కొట్టు ఉంది. టీ పది రూపాయలు. మా పేటలో పది రూపాయలకు కాగితం కప్పులో రెండు గుక్కలు పోస్తారు. ఇక్కడ కొట్టు నడిపే ఆమె గాజు గ్లాసు నిండా పోసి, మేం తాగుతుండగానే ఇంకొంచెం పోసింది. పోస్తూ నా కాళ్ళకేసి చూసింది. నేను వేసుకున్నవి మా అబ్బాయి కాలేజీవాళ్ళతో కొండలెక్కడానికి కొనుక్కున్న బూట్లు. అడుగున పళ్ళు పళ్ళుగా ఉంటాయి. బురదలో జారవని వాడు హామీ ఇచ్చాడు. వాడి మాట నిజమే. జారలేదు. కదల్లేదు కూడా.

"యాడికమ్మా ఈ బురదలో?" అంది ఆమె.

"కొండకింద పల్లెకమ్మా."

"చావా?"

"కాదు, బాప్తిస్మం."

"మరి ఆగి పోవచ్చు గదా. రేగడలో వాన వెలిశాక రెండు దినాలు మేం గొడ్లని గూడా దించం."

"వాగు ఆగదంట."

ఆమె ఖాళీ గ్లాసులు అందుకుంది. "చెప్పులు తీసి చేతబట్టుకోండి," అంది.

"మాది డెల్టా అమ్మా. బురదలోనే పెరిగాం," అన్నాను నేను.

"మీ బురద వేరమ్మా," అంది జాలిగా. "ఇది కాళ్ళయితే తిరిగిచ్చుద్ది. మిగతావి దాని ఇష్టం."

అయ్యగారూ రాహేలూ చెప్పులు విప్పి సంచిలో పెట్టుకున్నారు. నేను బూట్ల తాళ్ళు ఇంకాస్త బిగించుకున్నాను.

డొంక

మా పుట్టింటి బురద మర్యాద తెలిసిన బురద. కాలు పెడితే దిగనిస్తుంది, తీస్తే వదులుతుంది, కాలవలో కడిగితే పోతుంది. రేగడి అలా కాదు. మొదటి అడుగుకు పల్చగా అంటుకుంటుంది. రెండో అడుగు మట్టి మొదటి అడుగు మట్టిని పట్టుకుంటుంది. కాసేపటికి ఒక్కో కాలికి రోలంత మట్టి వేలాడుతుంది. మట్టితో పాటు గడ్డి, పత్తి పుల్లలు, ఎవరో పారేసిన గుట్కా పొట్లం కూడా నాతో ప్రయాణం చేశాయి. నేను రాహేలు కంటే పొట్టి. సగం డొంక నడిచేసరికి ఆమె నా భుజం దాకా వచ్చింది.

"వదినా, ఎదుగుతున్నావు," అంది.

"విశ్వాసంలోనా?"

"కాదు, మడమల్లో."

బాప్తిస్మానికి కావలసిన తెల్లబట్టల మూట రాహేలు నెత్తిన ఉంది. అయ్యగారు ముందు నడుస్తూ పాట అందుకున్నారు. రెండో చరణం దగ్గర ఆపేశారు. మోకాళ్ళ కోసమా, ఊపిరి కోసమా అని అడగలేదు.

చూడవలసినవి ఉన్నాయని కూడా చెప్పాలి. గట్ల మీద వేపచెట్లు పూతతో ఉన్నాయి. వానకు తడిసిన వేపపూత వాసన చేలంతా ఉంది. కొండ వాలున మోదుగులు ఒక్క ఆకు లేకుండా ఎర్రగా పూశాయి. వీటన్నిటినీ నిలబడి చూశాను. నిలబడింది అందం కోసం కాదు, కాలు రాక. అయినా దేవుని సృష్టిని మెచ్చుకోవడానికి మనకై మనం ఆగం కాబట్టి ఆయనే ఈ ఏర్పాటు చేశాడనుకున్నాను.

ఒక చోట కాలు వచ్చింది, బూటు రాలేదు. ముగ్గురం మోకాళ్ళ మీద కూర్చుని, మోచేతుల దాకా మట్టిలో పెట్టి వెతికాం. దూరం నుంచి చూసినవాళ్ళు ప్రార్థన అనుకుని ఉంటారు. దొరకలేదు. బైబిల్లో, మండే పొద దగ్గర చెప్పులు విడవమని మోషేకు ఒక స్వరం చెప్పవలసి వచ్చింది. నాకు టీ కొట్టు ఆమె ముందే చెప్పింది, నేనే వినలేదు. రెండో బూటు విప్పి సంచిలో వేసుకున్నాను.

ఇంకొంచెం ముందు, మిరపకాయల టిక్కీలతో ఒక ట్రాక్టర్ డొంకలో కూరుకుపోయి ఉంది. టిక్కీలంటే కాయలు తొక్కి కుట్టిన గోతాలు. డ్రైవర్ మా వైపు ఎదురొచ్చి, "అయ్యా, తలో చెయ్యి వెయ్యండి," అన్నాడు. వేశాం. చక్రం తిరిగిన చోట వెనకాల నిలబడింది అయ్యగారు. మట్టి ఆయన మోకాళ్ళ దగ్గర మొదలై కళ్ళజోడు దాకా వెళ్ళింది. ట్రాక్టర్ కదల్లేదు.

"ఎవరింటికి పోతన్నారు?" అన్నాడు డ్రైవర్, మళ్ళీ తోయించే ముందు.

"కొండకింద పల్లె. మల్లయ్య గారింటికి," అన్నారు అయ్యగారు, కళ్ళజోడు తుడుచుకుంటూ.

డ్రైవర్ ఇంజన్ ఆపేశాడు. "వాన పిలిచిన మల్లయ్యా?"

అయ్యగారు కళ్ళజోడు ఇంకోసారి తుడుచుకున్నారు.

"ఆయనే," అంది రాహేలు.

"ఈ టిక్కీల్లో సగం మా బావమరిదివి. తడిసినయ్యి." డ్రైవర్ మమ్మల్ని ఒక్కొక్కరినీ చూశాడు. "అట్టయితే మీరు ఇంకాస్త గట్టిగా తొయ్యాల."

గట్టిగా తోశాం. బండి బయటపడింది. ఆయన వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

కోటమ్మ కల్లం

పొద్దు వాలేసరికి ఇక నడవలేక, చేలో ఉన్న ఒక కల్లం దగ్గర ఆగాం. అది కోటమ్మ అనే రైతు మనిషిది. మేం ఎవరమని అడగలేదు. "రండి, ఆ కొస పట్టుకోండి," అంది. తడిసిన కాయల మీద నుంచి టార్పాలిన్ పట్టా తీస్తోంది. తలో కొస పట్టుకున్నాం. తీసిన వెంటనే కింది నుంచి ఆవిరి లేచింది. నలుగురమూ దగ్గాం. దగ్గు ఆగాక అందరం కలిసి కాయలు తిప్పాం. పైన ఎర్రగా ఉన్న కాయ తిప్పితే కింద తెల్లబడి ఉంది. అలా రంగు పోయిన వాటిని తాలు కాయలంటారు. వాటికి ధర ఉండదు.

తడి మిరపకాయ చేతికి అంటితే ఏమవుతుందో పేటలో ఉన్న మీకు తెలియకపోవచ్చు. మొదట ఏమీ కాదు. తరవాత చేయి మీది కాదనిపిస్తుంది, కాకపోతే బాగుండుననిపిస్తుంది. మా ఇళ్ళలో కొబ్బరినూనె రాస్తాం. కోటమ్మ మజ్జిగ పోసి రుద్దుకోమంది. ఆ మజ్జిగ పనిచేసింది. ఆమె తాగడానికి ఇచ్చిన మజ్జిగ ఇంకా బాగా పనిచేసింది. "చేతులు కళ్ళ దగ్గరికి పోనీకండి రేపు మజ్జానం దాకా," అంది. రాహేలు అప్పటికే పోనిచ్చింది.

రాత్రి అన్నం, గోంగూర పచ్చడి, వేయించిన ఉల్లిపాయ. కోటమ్మ వడ్డిస్తూ తన ధోరణిలో చెప్పుకుపోతోంది. "కొండకింద పల్లెలో ఎవరో ముసలాయన వాన తెప్పించాడంట. ఏం దేవుడికి మొక్కాడో ఏమో. కనపడితే అడగాలనుంది నాకు."

మేం ముగ్గురం గోంగూర మీద మనసు పెట్టాం. అయ్యగారు మాత్రం ఎక్కువసేపు పెట్టలేకపోయారు. ఆయన పెంపకం అలాంటిది.

"మేం ఆయన దగ్గరికే పోతున్నామమ్మా," అన్నారు.

కోటమ్మ చేతిలో గరిటె ఆగింది. మా ముగ్గురినీ చూసింది, మా కాళ్ళను చూసింది. అయ్యగారి విస్తట్లో ఇంకో గరిటెడు వేసింది.

"తినండి," అంది. "ఆయన్ని ఒకటి అడిగి రండి. మళ్ళా ఎప్పుడు మొక్కుతాడో. ముందే చెబితే పట్టాలు కప్పుకుంటాం."

పొద్దున బయల్దేరేటప్పుడు అయ్యగారు ఆమె కల్లం కోసం ప్రార్థన చేస్తామన్నారు. ఏం అడుగుతారో ముందు తనకు చెప్పమంది. ఎండ కావాలని అడుగుతామన్నారు. అప్పుడు ఒప్పుకుంది.

మందిరంలో కాయలు

కొండకింద పల్లెలో ఇళ్ళకు, దొడ్లకు నాపరాళ్ళు నిలువుగా పాతి ప్రహరీలు కట్టుకుంటారు. మా వైపు తాటాకు దడి ఉండే చోట ఇక్కడ రాయి ఉంటుంది. దడి మీద నుంచి పక్కింటివాళ్ళతో మాట్లాడవచ్చు, రాయి మీద నుంచీ మాట్లాడవచ్చు. ఆ రోజు ఎవరూ మాట్లాడలేదు. మామూలుగా బృందం వస్తే ఊరి మొదట్లోనే పాట వినిపిస్తుంది, పిల్లలు సంచులు అందుకుంటారు. ఈసారి అరుగుల మీద, గడపల్లో, రాళ్ళ మీద, ఆఖరికి ఆగిపోయిన ఆటో టాపు మీద కూడా మిరపకాయలే. వాటి వెనక మనుషులు. "వందనాలు" అన్నాం. "వందనాలు," అన్నారు, కాయల వైపు చూస్తూ.

యాకోబు మందిరం గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పొడుగు మనిషి. సంఘ పెద్దే గాక రెండెకరాల మిరప ఉన్నవాడు.

"లోపల చోటు లేదు అయ్యగారూ," అన్నాడు.

చూశాం. నేలంతా కాయలు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. వేదిక మీద కూడా ఒక కుప్ప ఉంది. అయ్యగారు వాక్యం చెప్పే బల్ల కుప్ప మధ్యలో నిలబడి ఉంది.

"మంచి పని చేశారు. ఆరబెట్టుకోండి," అన్నారు అయ్యగారు. "వాగు దగ్గర కలుద్దాం. మధ్యాహ్నం మల్లయ్యకు బాప్తిస్మం."

"నీళ్ళు దేవుడిచ్చాడు, ముంచండి. కాదనం. చెయ్యి మాత్రం మేం ఇవ్వం."

ఈ చెయ్యి సంగతి తెలియనివాళ్ళకు చెప్పాలి. మన సంఘాల్లో బాప్తిస్మం అయ్యాక సభ్యులు ఒక్కొక్కరే వచ్చి కుడిచేయి ఇస్తారు. నువ్వు మాలో ఒకడివి అని దాని అర్థం. ఆ చేతులు అందినవాడికి జబ్బు చేస్తే సంఘం వచ్చి కూర్చుంటుంది. చనిపోతే సంఘమే మోస్తుంది. చేతులు అందకపోతే, నీళ్ళలో మునిగినా మనిషి ఒంటరే.

మల్లయ్య ఇంట్లో మంచం మీద, గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. రెండు మాటలకు ఒకసారి ఊపిరి కోసం ఆగుతాడు. భార్య వెంకాయమ్మ ఆయన వీపు రాస్తోంది. ఆమె మన విశ్వాసి కాదు. "మీ దేవుడితో నాకు పేచీ లేదు, నా దేవుళ్ళు నాకున్నారు," అని మొదటిసారే చెప్పింది. అయినా ప్రతి శుక్రవారం భర్తను మందిరానికి నడిపించుకొచ్చేది ఆమే. లోపలికి రాదు. ప్రార్థన అయ్యేదాకా బయట అరుగు మీద కూర్చుంటుంది.

యాకోబు మాట అయ్యగారు నెమ్మదిగా చెప్పారు. మల్లయ్య విన్నాడు.

"చెయ్యి ఇవ్వకపోతే నేను మునగను అయ్యగారూ," అన్నాడు.

"దేవుడు నిన్ను చేర్చుకుంటాడు మల్లయ్యా. మనుషుల చేతులదేముంది?"

"దేవుడు చేర్చుకుంటాడు. నాకు తెలుసు." ఊపిరి తీసుకున్నాడు. "ఈడ నుంచి శ్మశానం దాకా మొయ్యాల్సింది మాత్రం వీళ్ళే గదా."

అయ్యగారు లేచి మళ్ళీ మందిరం దగ్గరికి నడిచారు. మేమూ వెనకే. సంఘంవాళ్ళు అక్కడే కాయలు తిప్పుతున్నారు. అయ్యగారు గుమ్మంలో నిలబడి ఏలీయా ప్రవక్త సంగతి ఎత్తుకున్నారు. ఏలీయా ప్రార్థిస్తే మనిషి చెయ్యంత మబ్బు లేచి వాన కురిసిందని, ఆ వానకు ఎవరూ ఏలీయాను తప్పు పట్టలేదని చెప్పారు.

"ఏలీయా కాలంలో మిరపకాయలు లేవు అయ్యగారూ," అన్నాడు యాకోబు.

నాకు తెలిసినంతలో బైబిలు వ్యాఖ్యానాల్లో కూడా ఈ మాటకు జవాబు లేదు.

"కళ్ళాపి చల్లినట్టు ఓ జల్లు పడినా సరిపెట్టుకునేవాళ్ళం," అన్నాడు యాకోబు. "ఏడాది కష్టమంతా తాలు అయిపోయింది. ఆయనకి వాగు గావాల్సొచ్చింది. మరి మా సంగతి?"

ఆ మాటలో న్యాయం లేదని నేను అనను. రెండెకరాల మిరప అంటే పురుగుమందులు, కూలీలు, ఏడాదంతా వంగిన నడుములు. అక్కడ కాయలు తిప్పుతున్న ఆడవాళ్ళలో ఒకామె ఏడుస్తోంది. ఘాటుకు కాదు.

అప్పుడు వెనక నుంచి వెంకాయమ్మ గొంతు వినిపించింది. భర్తను ఇంట్లో కూర్చోబెట్టి ఆమె మా వెనకే వచ్చింది.

"యాకోబన్నా, నేనొకటి అడుగుతా చెప్పు. ఆ శుక్రారం మా ఆయన వాగు పారాలని చెప్పినప్పుడు నువ్వేమన్నావు?"

"ఏమంటాను? ఏమీ అన్లేదు."

"ఆమేన్ అన్నావు. నేను బయట అరుగు మీదే ఉన్నా గదా. అందరూ అన్నారు. నువ్వు రెండుసార్లు అన్నావు."

కాయలు తిప్పే చేతులు ఆగాయి.

"అది అలవాటు," అన్నాడు యాకోబు.

"అలవాటా? నాకు మీ మాటలు తెలవవు. ఆ మాటకి అర్థమేందని నేను మా ఆయన్ని అడిగా. 'అట్టాగే జరగాలి' అని చెప్పాడు. ఊరంతా కలిసి అట్టాగే జరగాలి అంటిరి. జరిగింది. ఇప్పుడు ఆయనొక్కడి మీద పడితిరి."

"మా ఆయన కాయితాల మీద సంతకం కూడా ఇట్టాగే పెడతాడు వదినా, చదవకుండా," అంది యాకోబు భార్య సారమ్మ, కుప్ప వెనక నుంచి.

"ఏమే, నువ్వుండు," అన్నాడు యాకోబు.

"నేనూ అన్నాను," అన్నాను. ఎందుకు నోరు తెరిచానో తెలియదు, కానీ నిజం అది. "మా నరసరావుపేటలో కూడా అన్నాం. స్త్రీల సమాజం మొత్తం."

"నేను అనలేదు," అంది రాహేలు. "నిద్రపోతన్నా."

ఆగిన చేతులు మళ్ళీ కాయలు తిప్పసాగాయి. యాకోబు ఒక కాయ తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. సగం ఎరుపు, సగం తెలుపు. దాన్ని కుప్పలో వేశాడు.

"ఎండ పోకముందు ఇవి తిప్పాల," అన్నాడు. వస్తామనలేదు, రామనలేదు.

వాగు

మల్లయ్యను నులక మంచం మీద మోసుకెళ్ళాలని అయ్యగారు అన్నారు. మోయడానికి మేం ముగ్గురమే ఉన్నాం కాబట్టి ఆయన నడుస్తానన్నాడు. ఒకవైపు వెంకాయమ్మ, ఒకవైపు రాహేలు పట్టుకున్నారు. చేను గట్టు మీదుగా, మళ్ళీ అదే మట్టిలో. ఆయన పాదాలకు మాత్రం మట్టి ఎక్కువ అంటలేదు. కాలు ఎత్తి వేయలేదు, నేలను రాస్తూ నడిచాడు. రేగడిలో నడవవలసిన పద్ధతి అదేనట. నాకు తిరుగు ప్రయాణంలో పనికొచ్చింది.

వాగు ఉంది. వెడల్పు తక్కువ, రంగు టీ రంగు, కానీ పారుతోంది. మధ్యలో ఒక నాపరాతి బండ. పొద్దున దాని మీద నుంచి నీళ్ళు పోతున్నాయని వెంకాయమ్మ చెప్పింది. మేం వెళ్ళేసరికి బండ వీపు బయటపడి, ఎండకు ఆరుతోంది. బండ కింద నడుం లోతు మడుగు ఒక్కటే మునగడానికి సరిపోతుంది.

అయ్యగారు దిగి నిలబడ్డారు. మల్లయ్య తెల్లబట్టలు కట్టుకుని ఒడ్డున కూర్చున్నాడు.

"రా మల్లయ్యా," అన్నారు అయ్యగారు.

"కాసేపుండండి."

ఉన్నాం. రాహేలు పాట పాడింది. పాట అయిపోయింది. ఊరి వైపు ఎవరూ కనబడలేదు. బండ చుట్టూ తడి గీత ఒకటి ఏర్పడింది, నీళ్ళు దానికి కిందగా జారాయి. రాహేలు ఇంకో పాట పాడింది. అయ్యగారు నీళ్ళలోనే ఉన్నారు. ఆయన మోకాళ్ళకు చల్లనీళ్ళు పడవు. నేను లోపల ప్రార్థన చేసుకున్నాను. ఆ ప్రార్థన గొప్పదేమీ కాదు. ప్రభువా, వీళ్ళను పంపు, లేకపోతే ఈ మనిషి మొండితనం తీసెయ్యి, రెండింట్లో ఏదో ఒకటి.

"అడుగో," అంది వెంకాయమ్మ.

గట్టు మీద యాకోబు. చెప్పులు చేతిలో ఉన్నాయి. వెనక సారమ్మ, ఆమె వెనక ఇంకొకరు, ఇంకొకరు. కల్లాల్లోంచి నేరుగా వచ్చారు. నడుములకు చుట్టిన కొంగులు అలాగే ఉన్నాయి. రేగడిలో గుంపుగా నడిచేవాళ్ళను చూడాలి. ఒకరు జారితే ముగ్గురు తిడతారు. యాకోబు ఒడ్డుకు వచ్చి, కాలి మట్టిని పుల్లతో గీరుకుంటూ నిలబడ్డాడు.

మల్లయ్య లేచి నీళ్ళలోకి దిగాడు.

"ఊపిరి బిగబట్టు," అన్నారు అయ్యగారు మెల్లగా. ఆయన గొంతులో భయం నాకు తెలుస్తోంది.

"ఉన్నదే కాస్త, బిగబట్టేదానికి ఏముంది? ముంచండయ్యా."

తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామమున అయ్యగారు ఆయన్ను ముంచారు. ఎక్కువసేపు కాదు. కానీ ఒడ్డున ఉన్న ఏ ఒక్కరూ ఆ కాసేపు ఊపిరి తీసుకోలేదు. పైకి లేచాడు. దగ్గాడు. చాలా దగ్గాడు. అది ఆగేదాకా వెంకాయమ్మ పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఏ దేవుడిని పిలిచిందో అడగలేదు.

ఒడ్డుకు తెచ్చి కూర్చోబెట్టాం. ముందుగా యాకోబు వచ్చాడు. కుడిచేయి చాపాడు. మల్లయ్య పట్టుకున్నాడు. ఆ చేతిని యాకోబు వెంటనే వదల్లేదు.

"ఇంకోసారి ఏదన్నా అడిగేటప్పుడు నెల చూసుకుని అడుగు బావా," అన్నాడు.

"నువ్వు వినుకుని ఆమేన్ అను," అన్నాడు మల్లయ్య.

సారమ్మ వచ్చింది. తరవాత మందిరంలో ఏడ్చిన ఆమె వచ్చింది. ఒక్కొక్కరే వచ్చి, తడి కాయలు తిప్పి తిప్పి ఎర్రబడిన చేతులు ఆయన చేతిలో పెట్టారు. మేమూ పెట్టాం. అంతా అయ్యాక మల్లయ్య అదే కుడిచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

తడి కాయ గురించి కోటమ్మ చెప్పిన మాట నాకు ఆయన అరిచాక గుర్తొచ్చింది. ఆయన్ను పట్టుకోబోయి సారమ్మ తన కళ్ళు తుడుచుకుంది. పాట అందుకున్న రాహేలు ముందు రోజు నేర్చుకున్నది మరిచిపోయి మళ్ళీ చేయి కళ్ళ దగ్గరికి పోనిచ్చింది. నేను తుడుచుకోకూడదని గట్టిగా అనుకుంటూనే తుడుచుకున్నాను. ఆ మధ్యాహ్నం వాగు ఒడ్డున సంఘం మొత్తం కూర్చుని ఏడ్చింది. ఎవరు ఎందుకు ఏడ్చారో విడదీసి చెప్పడం నావల్ల కాదు. యాకోబు కూడా ఏడ్చాడు. ఘాటని చెప్పాడు.

వెంకాయమ్మ ఒక్కతే పొడి కళ్ళతో, దోసిళ్ళతో నీళ్ళు తెచ్చి భర్త ముఖం మీద కొడుతూ ఉంది.

"ఇప్పుడే గదా ముంచి తీసింది," అంది. "మళ్ళా కడగాల్సొచ్చింది."

తిరిగొచ్చాక

తిరుగుదారిలో నా బూటు పోయిన చోటు వెతికాను. మట్టి ఆరి పైన పెచ్చు కట్టింది. అంతా ఒకేలా ఉంది. రెండో బూటు ఇంట్లో ఉంది. మా అబ్బాయి దాని గురించి ఇంకా మాట్లాడుతున్నాడు.

వాగు ఎండిపోయిందని యాకోబు ఫోన్ చేశాడు. అవును, మళ్ళీ యాకోబే చేస్తున్నాడు. ఇప్పుడు ఆ పల్లెలో ఎవరైనా ప్రార్థనాంశం చెబితే వెంటనే ఆమేన్ అనడం లేదట. "ఇంకోసారి చెప్పు," అంటున్నారట. ప్రార్థన కూటం ముగిసి ఇంటికి పోయేసరికి చీకటి పడుతోందని సారమ్మ ఫిర్యాదు. మల్లయ్యను ఇప్పుడు మందిరానికి వెంకాయమ్మ ఒక్కతే తీసుకురావడం లేదు. వీధిలో ఎవరు ముందుంటే వాళ్ళు ఒక చేయి పట్టుకుంటున్నారు. అది చెప్పడానికే నేను ఇదంతా రాశాననుకోండి.

ఇది చదివిన సహోదరీ సహోదరులారా, మాతో కలిసి ప్రార్థించండి. మల్లయ్యకు ఇంకాస్త ఊపిరి దొరకాలని. ఆ వీధిలో ఆయన్ను పట్టుకునే చేతులు అలసిపోకూడదని. వెంకాయమ్మ కూర్చునే అరుగు మీద ఆమెకు సమాధానం, మనశ్శాంతి కలగాలని. యాకోబు తాలు కాయలకు, కోటమ్మ కల్లానికి న్యాయమైన ధర రావాలని. కాయలన్నీ మిర్చి యార్డుకు చేరేదాకా పొడి ఎండ కాయాలని.

ఆమేన్ అనే ముందు, పైన రాసింది ఇంకోసారి చదవండి. చదివారా? అయితే రండి, అందాం.